బెల్టా, కప్లరా

భోజనాల బల్ల మీద ఇనప సామాను పెట్టొద్దని అక్క ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆ ఇంట్లో ఎవరూ విన్న పాపాన పోలేదు. ఆ పొద్దున కూడా పళ్లాల మధ్య రెండు వస్తువులు వెలిశాయి. ఒకటి అరచేతిలో ఇమిడే ఉక్కు కప్లర్. ఎదురెదురుగా పళ్లున్న రెండు ఉక్కు ముక్కలు, వాటి మధ్య పువ్వులా కోసిన ఎర్ర రబ్బరు. రెండోది పుల్లీల జత, పెద్దదొకటి, చిన్నదొకటి, వాటికి చుట్టిన నల్ల బెల్టు. కప్లర్ తెచ్చింది బావ. పుల్లీలు తెచ్చింది సూది.

సూది ఆ ఇంటి చిన్న కూతురు. వాళ్ల నాన్న గుడారాలు కుట్టి అమ్ముతాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని సూది పట్టింది కనుక ఆ పేరు వచ్చిందని ఆయన అంటాడు. మాట గుచ్చుకుంటుంది కనుక వచ్చిందని బావ అంటాడు. బావ అంటే అక్క మొగుడు, ఇంజన్ల మెకానిక్. గుడారాల కొట్టుకూ అతని షెడ్డుకూ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకు ఇటు మిషన్ల టకటక, అటు సుత్తి దెబ్బలు.

ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న అసలు సంగతి వెనక గదిలో మడతలు పెట్టి ఉంది. అది వేడిగాలి బెలూన్. ఎప్పుడో ఎవరో చిరిగిన బెలూన్ తెచ్చి అతుకు వేయమన్నారు. అతుకు నిలిచిందో లేదో చూడటానికి మైదానంలో దాన్ని లేపినప్పుడు సూది నోరెళ్లబెట్టి నిలబడిపోయింది. ఆ రోజే ఇంటికొచ్చి, ‘నాన్నా, మనమే ఒకటి కుడదాం’ అంది. గుడారాలు కుట్టగా మిగిలిన పొద్దంతా తండ్రీ కూతుళ్లిద్దరూ పసుపు, నారింజ గుడ్డ పట్టీలు కుడుతూనే ఉన్నారు. తనిఖీ అధికారి వచ్చి ప్రతి అతుకూ లాగి చూసి, బాగుందని ముద్ర వేసి వెళ్లాడు. ఏళ్ల తరబడి బెలూన్లు నడిపిన పైలట్ ఒకావిడ రాబోయే బెలూన్ల ప్రదర్శనలో దాన్ని ఎగరేస్తానని మాటిచ్చింది. ఇక కావలసింది ఒక్క బ్లోయరే.

నేల మీద చాప చుట్టినట్టు పడి ఉన్న గుడ్డలోకి ముందు చల్లగాలి ఊదాలి. కడుపు నిండా గాలి పట్టి గుడ్డ గుండ్రంగా విచ్చుకున్నాకే మంట వెలిగించాలి. సరిగా నిండకముందే వెలిగిస్తే వేలాడే గుడ్డ అంటుకుంటుంది. ఆ ఊదే పనికి, నీటి పంపుకున్న పాత పెట్రోల్ ఇంజన్ ఊడదీసి ఫ్యాన్ బిగించాలన్నంత వరకు అందరిదీ ఒకే మాట. ఇంజన్‌నీ ఫ్యాన్‌నీ దేనితో కలపాలన్న దగ్గరే ఇల్లు రెండుగా చీలింది.

‘ఇంజన్ తిరిగితే ఫ్యాన్ తిరగాలి. అంతే కదా? మధ్యలో ఈ నల్ల పట్టీ పెత్తనం ఏంటి?’ అన్నాడు బావ. ‘ఇరుసుకి ఇరుసు ఎదురుగా పెట్టి కప్లర్ బిగిస్తే సరి. జారేది లేదు, సాగేది లేదు, తెగేది లేదు. బెల్టు అయితే ఇంజన్ బలం కొంత అదే తినేస్తుంది.’

‘నువ్వు తినే తిండి కన్నా తక్కువేలే’ అంది అక్క, అతని పళ్లెంలో ఇంకో అట్టు వేస్తూ.

సూది నవ్వలేదు. ఆమెకు అప్పుడే ఒళ్లంతా ఆత్రంగా ఉంది. ‘నీ ఇంజన్ పరిగెడుతుంది బావా. కప్లర్ పెడితే ఫ్యాన్ కూడా దానితో సమానంగా పరిగెత్తాల్సిందే. ఆ వేగానికి చిన్న రెక్కే పెట్టగలం, పెద్దదైతే విరిగి మన మీద పడుద్ది. చిన్న రెక్క గాలి సన్నగా, కొరడాలా వస్తుంది. నా బెలూన్‌కి కొరడా దెబ్బలొద్దు, బోలెడంత గాలి కావాలి. ఇంజన్‌కి చిన్న పుల్లీ, ఫ్యాన్‌కి పెద్ద పుల్లీ వేస్తే పెద్ద రెక్క నిదానంగా తిరుగుద్ది.’

‘గడ్డి మీద మంచుంటుంది. తడిస్తే నీ బెల్టు జారుద్ది.’

‘జారితే చూసుకుందాం.’

‘గాల్లోకి లేచే వస్తువు గురించి చూసుకుందాం అంటావేంటి?’

ఇద్దరూ ఒంటికాలి మీద లేచేసరికి నాన్న చెయ్యెత్తాడు. ఆయన భారీ మనిషి. కుర్చీ జరిపితే ఇల్లంతా వినిపిస్తుంది. ‘రెండూ కట్టండి. పెరట్లో తిప్పి చూద్దాం. ఏది బాగుంటే అది. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకి సాయం చెయ్యాలి. అలకలు కుదరవు.’

బావ తన షెడ్డులోకి, సూది కొట్టు వెనక వసారాలోకి దూరారు. అన్నానికి పిలిచినా పలకలేదు. ఒకరు ఏం చేస్తున్నారో ఇంకొకరికి తెలియకూడదని గోడకున్న కిటికీకి బావ గోనెపట్టా కట్టాడు. దానికో చిన్న చిరుగుంటే సూది అందులోంచి చూసింది. అటు నుంచి బావ కన్ను కూడా అదే చిరుగు దగ్గర కనిపించేసరికి ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి దూకారు.

పెరట్లో పరీక్ష జరిగిన రోజు ముందు వంతు కప్లర్‌ది. బావ తాడు ఒక్క లాగు లాగాడు. ఇంజన్ గుర్రుమని అందుకుంది. రెక్క కనిపించకుండా పోయి, తెల్లటి పొగమంచులా మారింది. చప్పుడులో ఒక్క ఒడుదుడుకు లేదు. ఎదురుగా తీగ మీద ఆరేసిన దుప్పటి రివ్వున లేచి గోడ దాటి పోయింది.

‘చూశారా! వెన్నలా తిరుగుతోంది!’ అని బావ ఎగిరి గంతేశాడు.

సూది తన గుడ్డలోంచి మిగిలిన పెద్ద ముక్కను సంచిలా కుట్టి పట్టుకుంది. గాలి తగలగానే సంచి మూతి పటపట కొట్టుకుంది. ఒక పక్క లోపలికి ముడుచుకుపోయింది. నిండటమైతే నిండింది గానీ కుస్తీ పట్టినట్టే అయ్యింది. ఆ మాట అనబోతుంటే, ‘ముందు నీది తిప్పు, తర్వాత మాట్లాడు’ అన్నాడు బావ.

ఆమె బ్లోయర్ రెక్క పెద్దది. అదే ఇంజన్‌ని ఊడదీసి దీనికి బిగించారు. కింద ఇంజన్, పైన ఫ్యాన్, మధ్య బెల్టు. తాడు లాగింది. రెక్క బద్ధకంగా కదిలి వేగం అందుకుంది. సంచి మూతి ఆవలించినట్టు మెల్లగా తెరుచుకుంది. సూది గుండె సంతోషంతో దడదడలాడింది. అంతలో పైపుల చట్రం ఊగింది. బెల్టు పుల్లీ అంచు మీదికి పాకి, టప్పుమని ఊడి, గాల్లో మెలికలు తిరుగుతూ వెళ్లి పక్కింటి డాబా మీద పడింది.

‘ఎవరిదమ్మా ఈ పాము?’ అని పక్కింటావిడ పైనుంచి కేకేసింది.

అక్క నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. సూది ముఖం కందిపోయింది. అయినా మాటంటే మాటే. ఓడింది కాబట్టి కప్లర్ బ్లోయర్‌కి వల బిగించడానికి తనే స్పానర్ అందించింది.

ప్రదర్శనకు ముందు ఒకసారి నిజమైన నేల మీద చూసుకుందామని, ఒక తెల్లవారుజామున బెలూన్‌ని వ్యాన్‌లో వేసుకుని ఊరి చివర మైదానానికి వెళ్లారు. నలుగురూ కలిసి గుడ్డ పరిచారు. పరుస్తుంటే అది ఎంతకీ తరగలేదు. ఇంత పొడుగు కుట్టామా అని నాన్న తనలో తనే మురిసిపోయాడు.

బావ బ్లోయర్‌ని గడ్డి మీద నిలబెట్టి తాడు లాగాడు. మొదట అంతా బాగానే ఉంది. మూతి కొట్టుకుంటున్నా గాలి లోపలికి పోతోంది. గుడ్డ అలలా లేచింది. ‘పడుతోంది, పడుతోంది!’ అని సూది తన పక్షమేదో కూడా మరిచిపోయి అరిచింది.

చట్రం కాలొకటి మెత్తటి మట్టిలో దిగిందని ఎవరూ గమనించలేదు. ఒక కాలు దిగేసరికి పైపులు మెలిపడ్డాయి. ఎదురెదురుగా ఉన్న ఇరుసులు రెండూ గీత తప్పాయి. చప్పుడు మారింది. బ్లోయర్ వణికింది, ఆపైన కాళ్లు కట్టేసిన కోడిలా ఎగరడం మొదలుపెట్టింది. కప్లర్ కింద గడ్డి మీద మిరపపొడి చల్లినట్టు ఎర్రటి రబ్బరు రాలింది. బావ ఉరికి ఇంజన్ ఆపేశాడు. సగం లేచిన బెలూన్ నిట్టూర్చినట్టు నేలకు ఒరిగింది.

బావ అరిగిపోయిన రబ్బరు పువ్వును చేతిలోకి తీసుకుని వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాడు. నాన్న దగ్గు నటించాడు. అక్క నీళ్ల సీసా ఇస్తే పక్కన పెట్టేశాడు.

నేను చెప్పలేదా అనడానికి సూదికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. కానీ ఆమెకు పక్కింటి డాబా మీద వేలాడిన బెల్టు గుర్తుంది. వెళ్లి అతని పక్కన మెట్టు మీదే ఇరుక్కుని కూర్చుంది.

‘బావా, నేను కట్టినది కూడా ఊడిపోయిందిగా. ఎందుకూడిందో నాకు ఇప్పటికీ తెలీదు.’

‘నాకు తెలుసు’ అన్నాడు బావ, తలెత్తకుండానే. ‘నీ పుల్లీలు ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. అప్పుడే చూశా.’

‘చూసి చెప్పలేదా!’

‘పోటీ కదా మరి.’

సూది అతని భుజం మీద ఒక్కటిచ్చింది. ‘పోటీ అయిపోయింది. నువ్వు సరిచెయ్యి. గాలి ఎలా రావాలో నేను చెప్తా, ఇనుము ఎలా ఉండాలో నువ్వు చెప్పు. రెండు పక్షాలూ వద్దు.’

బావ రబ్బరు పువ్వును వేళ్ల మధ్య తిప్పాడు. ‘కప్లర్ తప్పు లేదే. దాని ప్రాణమంతా ఇరుసులు రెండూ ఒకే గీత మీద ఉండటంలో ఉంది. సిమెంటు నేల మీద అయితే ఉంటాయి. రోజూ ఒక్కో గడ్డిలో, ఒక్కో గుంటలో పెడితే ఉండవు. బెల్టు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోద్ది.’

‘కాపురానికి పనికొచ్చేది బెల్టేనన్నమాట’ అంది అక్క. అప్పటికి గాని బావ ముఖంలో నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి గోడ కిటికీకి గోనెపట్టా లేదు. సూది గుడారాలు కుట్టే గట్టి దారం ఇస్తే, బావ దాన్ని రెండు పుల్లీల ముఖాల మీదుగా బిగించి లాగాడు. ‘ఇటు చూడు. దారం రెండు పుల్లీల అంచుల్నీ, ఇటూ అటూ, అన్నిచోట్లా తాకాలి. ఎక్కడ సందున్నా బెల్టు నిన్ను లెక్కచెయ్యదు.’ సూది నేలకు చెంప ఆనించి చూసి, ‘కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆఁ చాలు!’ అంది. ఒక బెల్టుకు బదులు పక్కపక్కన రెండు వేశారు. ఇంజన్‌ని ఒక చెక్క పలక మీద కూర్చోబెట్టి, ఆ పలకకు ఒక వైపు కీలు బిగించారు. ఇంజన్ బరువుకు పలక కిందికి వాలి, పైనున్న ఫ్యాన్‌కీ దీనికీ మధ్య బెల్టులు బిగుతుగా ఉంటాయి. బెల్టుల చుట్టూ, రెక్క చుట్టూ ఎవరి వేలూ దూరకుండా వల కట్టారు.

కప్లర్ కూడా మూలన పడలేదు. కొత్త రబ్బరు వేసి, దాన్ని వడ్రంగి కార్ఖానాలో రంపపు పొట్టు లాగే బ్లోయర్‌కి బిగించి వచ్చాడు బావ. అక్కడ ఇంజనూ ఫ్యానూ ఒకే కాంక్రీటు దిమ్మ మీద ఉంటాయి. వేగం కూడా రెండింటికీ ఒకటే. ‘దిమ్మ మీద నిండు టీ గ్లాసు పెట్టా, తొణికితే ఒట్టు!’ అని ఇంటికొచ్చి పదిమందికి చెప్పుకున్నాడు.

ప్రదర్శన రోజు వాళ్లు వెళ్లేసరికి మైదానమంతా మనుషులే. ఇంకా వెలుగు సరిగా రాలేదు. అక్కడక్కడా మంటలు భగ్గుమంటుంటే ఎర్ర బెలూన్, చారల బెలూన్, చేప ఆకారపు బెలూన్ లోపలి నుంచి వెలుగుతూ లేస్తున్నాయి. సూదికి కాలు నిలవలేదు. పైలట్ ఆవిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చేతికి తోలు తొడుగులు వేసుకుని పేము బుట్ట పక్కన నిలబడి ఉంది.

‘ఆ జెండా చూశావా అమ్మాయ్?’ అని ఆవిడ మైదానం అంచున కర్రకు కట్టిన జెండా చూపించింది. జెండా వేలాడుతూ కొసన మాత్రం కదులుతోంది. ‘ఎండెక్కే కొద్దీ గాలి లేస్తుంది. అది అడ్డంగా నిలబడిందంటే ఇవాళ ఇక ఎవరినీ ఎగరనివ్వరు. ఈలోపే నింపాలి.’

గుడ్డ పరిచారు. అక్క ఒక పక్క, పైలట్ ఆవిడ ఒక పక్క మూతి ఎత్తి పట్టుకున్నారు. బావ తాడు లాగాడు. ఇంజన్ అందుకుంది. పెద్ద రెక్క రెండు సార్లు తిరిగిందో లేదో, చెవులు చిల్లులు పడేలా కీచుమని అరుపు మొదలైంది. రాత్రి గడ్డి మీద కురిసిన మంచుకు బెల్టులు తడిశాయి. కొత్తవి కావడంతో కాస్త సాగాయి కూడా. పుల్లీ తిరుగుతోంది, బెల్టు జారుతోంది, రెక్క మాత్రం సోమరిగా ఊగుతోంది.

బావ ఇంజన్ ఆపి, గుడ్డతో తుడిచి, మళ్లీ లాగాడు. అరుపు తగ్గింది గానీ పోలేదు. పక్క జట్ల వాళ్లు తలలు తిప్పి చూశారు. జెండా కొస ఇందాకటి కంటే పైకి లేచింది.

‘బిగుతు చాలట్లేదు!’ అని సూది ఇంజన్ చప్పుడు మీద అరిచింది. ‘పలక మీద ఇంకా బరువు కావాలి బావా!’

బావ చుట్టూ చూశాడు. రాయి లేదు, ఇనుము లేదు. అతని చూపు వెళ్లి నాన్న మీద ఆగింది.

‘మామయ్యా! పలక మీద ఎక్కండి!’

‘ఏ పలక?’

‘ఆ చివర! సైలెన్సర్ అటువైపు ఉంది, భయం లేదు. పైన చట్రం కడ్డీ గట్టిగా పట్టుకోండి!’

నాన్న చెప్పులు సర్దుకుని, కడ్డీ పట్టుకుని, తన బరువంతా పలక కొస మీద మోపాడు. కీచుమనే అరుపు కత్తిరించినట్టు ఆగిపోయింది. రెక్క ఒక్కసారిగా వేగం అందుకుని భోరున పాడింది. గాలి మందంగా, వెడల్పుగా, మెత్తగా వెళ్లి గుడ్డ మూతిలో దూరింది. నారింజ పట్టీ లేచింది, దాని పక్కన పసుపు పట్టీ లేచింది. ముడతలు ఒక్కొక్కటే విడిపోతుంటే దూరాన బెలూన్ కొస వరకు గుడ్డ పొర్లుతూ పోయింది.

ఇంజన్‌తో పాటు నాన్న కూడా వణికిపోతున్నాడు. బుగ్గలు, పొట్ట, కళ్లజోడు, దేని దారి దానిదే. ‘ఊ-ఊ-ఊదుతోం-దా?’ అని అరిచాడు.

‘ఊదుతోంది నాన్నా! దిగొద్దు!’

‘ది-ది-దిగనులే!’

పక్క జట్ల వాళ్లు పగలబడి నవ్వుతూ చప్పట్లు కొట్టారు. చేప బెలూన్ జట్టులోంచి ఇద్దరు తమ పని వదిలేసి వచ్చి మూతి పట్టుకోవడానికి సాయపడ్డారు.

బెలూన్ పక్కకు ఒరిగి, ఇల్లంత పెరిగింది. లోపల ఎక్కడైనా మెలిక పడిందేమో చూడాలి. సూది చెప్పులు విడిచి మూతిలోంచి లోపలికి నడిచింది. అడుగు పెట్టగానే బయటి చప్పుడు వెనకబడిపోయింది. అప్పుడే పొడిచిన ఎండ గుడ్డలోంచి దిగి, లోపలంతా నారింజ వెలుగు. వీపుకు గాలి మెత్తగా తగులుతోంది. తల మీద, పక్కల మీద, ఎటు చూసినా తను కుట్టిన అతుకులే. రోజూ ఒక్కో పట్టీని ఒళ్లో పెట్టుకుని చూసిందే తప్ప, అన్నీ కలిసి ఇంత ఆకాశమవుతాయని ఎప్పుడూ చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటూ, నవ్వుకుంటూ కొస వరకు పరుగెత్తి, తాళ్లు చూసి, మళ్లీ పరుగెత్తి బయటికొచ్చింది.

‘మెలికలు లేవు! వెలిగించండి!’

పైలట్ ఆవిడ మంట వదిలింది. భగ్గున లేచిన వేడికి బెలూన్ ఒళ్లు విరుచుకుని, బరువుగా తలెత్తి, నిలువునా నిలబడింది. బావ ఇంజన్ ఆపి అక్కడే గడ్డి మీద చతికిలబడ్డాడు. నాన్న పలక దిగినా ఒళ్లు వణుకుతూనే ఉంది.

‘ఇద్దరికి చోటుంది, త్వరగా!’ అంది పైలట్ ఆవిడ.

సూది అప్పటికే బుట్టలో ఉంది. ‘బావా, రా!’

‘నేనా? నిచ్చెన మూడో మెట్టు ఎక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయి. ససేమిరా రాను.’

‘నాన్నా?’

‘నా-నాకు ఇవా-ళ్టికి చాలు.’

అక్క చేతిసంచి తీసి బావ ఒళ్లో పడేసింది. చీర కుచ్చిళ్లు ఒడిసిపట్టుకుని బుట్టకున్న కంతలో కాలు పెట్టింది. ‘ఇన్నాళ్లూ మీ ఇద్దరి గొడవ భరించినందుకు నాకేమైనా దక్కాలా వద్దా?’ అని లోపలికి దూకింది.

మంట మళ్లీ గర్జించింది. నేల వాళ్లను వదిలేసింది. కుదుపు కూడా లేదు. బావ పెద్దగా నోరు తెరిచి చూస్తూ చిన్నవాడైపోయాడు. నాన్న రెండు చేతులూ ఊపుతున్నాడు. జెండా కర్ర కాళ్ల కిందికి వెళ్లింది. ఇళ్ల కప్పులు, డాబాల మీద నీళ్ల ట్యాంకులు, వీధి మలుపులో ఆగిపోయి పైకి చూస్తున్న జనం కనిపించారు.

‘ఒసేయ్, మన కొట్టు! మన పెరడు!’ అని అక్క సూది జబ్బ పట్టుకుని గట్టిగా ఊపింది. ‘ఆ గోడ దాటి పోయిన దుప్పటి ఇంకా అక్కడే ఉందే!’ ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే అక్క అంత గొంతుతో అరవడం సూది పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకుని నవ్వారు. కింద ఒక వ్యాన్ హారన్ కొట్టుకుంటూ వీధులన్నీ తిరుగుతూ వాళ్లను తరుముతోంది.

పైలట్ ఆవిడ ఊరు దాటించి, కోత అయిపోయిన ఒక పొలంలో బెలూన్ దింపింది. బుట్ట ఒకసారి ఎగిరి, ఒకసారి పక్కకు ఒరిగి ఆగింది. గాలి పోయిన గుడ్డ పొలంలో వాలిపోయింది. ఆవులు నాలుగు మేత మానేసి వచ్చి చుట్టూ నిలబడి చూశాయి. పైలట్ ఆవిడ బెలూన్ అతుకు మీద చెయ్యి వేసి, ‘మంచి కుట్టు. వచ్చే నెల కొండల దగ్గర ప్రదర్శన ఉంది. వస్తారా?’ అంది. సూది తల ఊపింది, ఊపుతూనే ఉంది.

బావ వ్యాన్ గట్టు మీద ఆపి, మట్టిలో కాళ్లు దిగబడుతుంటే పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాన్న వెనకే ఆయాసపడుతూ వచ్చాడు.

‘దెబ్బలేమీ తగల్లేదుగా? రా, దిగు’ అని బావ అక్కకు చెయ్యందించాడు.

అక్క బుట్ట అంచు రెండు చేతులతో పట్టుకుంది. జుట్టంతా రేగిపోయి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

‘నేను దిగను’ అంది. ‘ఆ బ్లోయర్ ఇటు తీసుకురండి.’